కొత్త సంహితలు, పాత గడపలు

2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం మిర్యాలగూడ హత్య కేసులో తీర్పు చెప్పిన సాయంత్రం మిత్రులు చాలామంది ఫోన్లు చేశారు. అందరి గొంతులోనూ ఒకటే తడబాటు. రెండో ముద్దాయికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవ శిక్ష. దళిత యువకుణ్ణి చంపించడానికి కోటి రూపాయల కిరాయి మాట్లాడుకున్నారని పోలీసులు చెప్పిన కేసు అది. 2018 సెప్టెంబర్ 14న గర్భవతి అయిన భార్యకు వైద్య పరీక్షలు చేయించుకుని ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న మనిషిని, భార్య పక్కన ఉండగానే, తల్లి కళ్ళెదుటే నరికారు. ఆ దృశ్యం సీసీ కెమెరాలో పడి రాష్ట్రమంతా చూసింది. ఇంత స్పష్టంగా కనిపించిన నేరానికి శిక్ష పడటానికి ఆరున్నర సంవత్సరాలు పట్టింది. మొదటి ముద్దాయి అయిన మామ 2020 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు కనుక ఆయన బోనులో లేడు.

శిక్ష పడినందుకు తృప్తిపడ్డాం. ఉరిశిక్షను వ్యతిరేకించే మనం ఆ తృప్తిని దాచుకోలేక, చెప్పుకోలేక ఇబ్బంది కూడా పడ్డాం. ఆ ఇబ్బంది గురించి మరోసారి మాట్లాడుకోవచ్చు. మరణశిక్షకు ఎలాగూ హైకోర్టు ధ్రువీకరణ కావాలి. ఇప్పుడు మాట్లాడుకోవలసింది కాలం గురించి. పార్లమెంటులో అధికార పక్షమూ ప్రతిపక్షమూ కూడా నేర న్యాయ సంస్కరణ పేరు చెప్పినప్పుడల్లా మనకు ఇవ్వజూపుతున్నది కాలాన్నే. ఇన్ని రోజుల్లో దర్యాప్తు, ఇన్ని రోజుల్లో తీర్పు అంటున్నారు. 2024 జూలై 1న మూడు కొత్త సంహితలు అమల్లోకి వచ్చినప్పుడు హోం మంత్రి అమిత్ షా, ఎఫ్ఐఆర్ నమోదైన మూడేళ్ళలో సుప్రీంకోర్టు దాకా న్యాయం పూర్తవుతుందని మాట ఇచ్చారు.

అయితే మిర్యాలగూడ కేసుకు గడువు అప్పటికే ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ప్రత్యేక కోర్టు రోజువారీ విచారణ జరపాలి. చార్జిషీటు వేసిన నాటి నుంచి సాధ్యమైనంత వరకు రెండు నెలల్లో ముగించాలి. మిర్యాలగూడ కేసులో చార్జిషీటు 2019 జూన్‌లో పడింది. రెండు నెలలు అన్న చట్టం ఐదేళ్ళ తొమ్మిది నెలలు తీసుకుంది. ఇంకో గడువు కూడా ఉంది. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి హత్యల మీద వివరంగా ఆదేశాలిచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ, సంక్షేమ అధికారులతో ప్రత్యేక విభాగం ఉండాలని, ఇరవై నాలుగు గంటల ఫోను ఉండాలని, జంటలకు రక్షణ గృహం చూపించాలని, తెలిసి కూడా పట్టించుకోని పోలీసు అధికారి మీద శాఖాపరమైన చర్య ఉండాలని, కేసును ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చెప్పింది. ఆ ఆదేశాలు వచ్చి ఆరు నెలలు కూడా నిండకముందే మిర్యాలగూడలో కత్తి లేచింది.

ఇక్కడొక చిన్న మాట. పత్రికలు వాడే 'పరువు హత్య' అన్న పదాన్ని మనం వాడకపోవడానికి కారణాలు పాఠకులకు తెలుసు. పరువు చంపినవాడిది అనుకుంటే చనిపోయినవాడు పరువు తీసినవాడవుతాడు. కులదురహంకార హత్య అనే రాద్దాం. మాట పొడుగైనా ఫరవాలేదు.

మిర్యాలగూడ తీర్పు రావడానికి ఆరు వారాల ముందు, 2025 జనవరి చివర్లో, సూర్యాపేట పక్కన పిల్లలమర్రి దగ్గర మరో దళిత యువకుడి శవం దొరికింది. అదీ కులాంతర ప్రేమ వివాహమే. భార్య తరఫు కుటుంబ సభ్యులను అరెస్టు చేశారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు ఎంత దూరమో మనందరికీ తెలుసు. మొదటి కేసులో ముద్దాయిలు ఎవరో, ఏ శిక్ష పడబోతుందో ఈ ప్రాంతంలో చర్చించుకోని టీ కొట్టు లేదు. అయినా భయం ఎందుకు పుట్టలేదు? నేరశాస్త్రం చదివినవాళ్ళు దీనికి ఎప్పుడో జవాబు చెప్పారు. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే పట్టుబడడం, శిక్షపడడం ఎంత ఖాయం అన్నదే నేరాన్ని ఆపుతుంది. ఆరున్నరేళ్ళ పాటు ఏ తీర్పూ రాని కేసు పక్క ఊరివాళ్ళకు ఖాయమైన శిక్షగా ఎలా కనిపిస్తుంది?

కోర్టులకు వేగం చేతకాదని కాదు. హాజీపూర్ బాలికల హత్యలు 2019 ఏప్రిల్‌లో బయటపడితే నల్లగొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. ఆసిఫాబాద్ జిల్లాలో 2019 నవంబర్ 24న జరిగిన దళిత స్త్రీ అత్యాచారం, హత్య కేసులో ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న తీర్పు ఇచ్చింది. రెండూ పాత చట్టాల కింద నడిచిన కేసులే. ఒక కేసు రెండు నెలల్లో తేలి మరొకటి ఆరేళ్ళు సాగిందంటే తేడా సెక్షన్లలో లేదు. ఆ కేసు మీద రాజ్యం ఎంతమంది మనుషులను, ఎంత శ్రద్ధను పెట్టిందన్న దానిలో ఉంది. ముద్దాయి ఎవరు అన్న దానిలో కూడా ఉంది. హాజీపూర్‌లో, ఆసిఫాబాద్‌లో ముద్దాయిల వెనుక డబ్బు లేదు. మిర్యాలగూడలో ఉంది. 2019లో మొదటి ముద్దాయి బెయిలు మీద బయటికొచ్చాక, మధ్యవర్తులను పంపి కూతురి మీద ఒత్తిడి తెస్తున్నాడన్న ఫిర్యాదుపై ఆ ఏడాది చివర్లో మళ్ళీ అరెస్టు చేయవలసి వచ్చింది. ఆ అమ్మాయి కేసులో ప్రధాన సాక్షి. చంటిబిడ్డ తల్లి. ముద్దాయికి కన్నకూతురు. ఆమె మాట మార్చకుండా నిలబడటం ఈ కేసుకు ప్రాణం పోసింది. కానీ ఒక స్త్రీ మొండి ధైర్యాన్ని ఏ రాజ్యమూ తన న్యాయ వ్యవస్థగా లెక్క చూపించుకోకూడదు.

నా పరిశోధన కోసం ఈ ప్రాంతపు కోర్టు వరండాల్లో కొన్నాళ్ళు కూర్చున్నాను. ఒక పెద్దమ్మ, తన కూతురి కేసులో సాక్షి, నా పక్కన కూర్చుని సద్ది విప్పుకుంటూ అన్నది: "బిడ్డా, వాయిదాకు వచ్చినప్పుడల్ల కూలి పోతది. అది పోతే పోయె. పొయ్యేటప్పుడు వాళ్ళూ మేమూ ఒక్క బస్సే ఎక్కాలె." సాక్షుల రక్షణ గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలోకీ ఆ మాట పెద్దది. 2018 డిసెంబర్ 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతటా అమలు చేయమంది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షను, ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ ఒక పథకం తయారుచేసి నోటిఫై చేయాలంటున్నది. మంచిదే. ఆ పథకంలో పెద్దమ్మకు వేరే బస్సు ఉంటుందా, పోయిన కూలి తిరిగొస్తుందా, వరండాలో ముద్దాయిలకు దూరంగా కూర్చోవడానికి ఒక గది ఉంటుందా అని అడగవలసింది మనం.

ఇప్పుడు సంహితల సంగతికి వద్దాం. 2020 మేలో, కోవిడ్ లాక్‌డౌన్‌లో జనం ఇళ్ళలో చిక్కుకున్నప్పుడు, నేర చట్టాల సంస్కరణకు ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ రణబీర్ సింగ్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మన నల్సార్‌కు తొలి వైస్ చాన్సలర్‌గా ఆయన హైదరాబాదువాళ్ళకు తెలిసినవారే. వేసినప్పుడు కమిటీలో ఐదుగురూ పురుషులు. ఒక్క స్త్రీ లేదు, ఒక్క దళితుడు, ఒక్క ఆదివాసీ గొంతు వినిపించే ఏర్పాటు లేదు. ప్రశ్నావళి ఇంటర్నెట్‌లో, ఇంగ్లీషులో పెట్టారు. స్త్రీ న్యాయవాదులు, సంఘాలు అభ్యంతరం చెప్తూ ఉత్తరాలు రాశాయి. ఆ తర్వాత బిల్లులు 2023 ఆగస్టు 11న లోక్‌సభకు వచ్చాయి. మార్చి తెచ్చిన బిల్లులు డిసెంబర్ 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆమోదం పొందాయి. ఆ సమావేశాల్లో రెండు సభల్లోనూ కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. నూట అరవై ఏళ్ళ నాటి శిక్షాస్మృతిని మార్చే చర్చ ఖాళీ బెంచీల మధ్య జరిగింది. వలస పాలన ఆనవాళ్ళు తుడిచేస్తున్నామన్నారు. ఆనవాళ్ళలో మొట్టమొదట తుడవవలసిన దాన్ని మాత్రం జాగ్రత్తగా ఎత్తి కొత్త పుస్తకంలో పెట్టారు. భార్య మీద భర్త చేసేది అత్యాచారం కాదన్న మినహాయింపు న్యాయ సంహిత 63వ సెక్షనులో భద్రంగా ఉంది. దాన్ని తీసేయమని జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలోనే చెప్పింది.

498ఎ అన్న అంకె కూడా పోయింది. ఇప్పుడది 85. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నాకు బాధగానే ఉంది. అక్షరం రాని స్త్రీలు కూడా ఈ ప్రాంతంలో 'ఫోర్ నైంటీ ఎయిట్' అనేవాళ్ళు. ఏ సెక్షను పేరూ తెలియని ఊళ్ళలో ఆ ఒక్క అంకె తెలుసు. 1983లో మన ముందు తరం స్త్రీలు పోరాడి తెచ్చుకున్న అంకె అది. ఆ పోరాటానికి మన హైదరాబాదు కూడా ఒక పుట్టిల్లు. 1978లో నల్లకుంట పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారం, భర్త మరణం నగరాన్ని కదిలించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకకు బదిలీ అయి అక్కడ పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు. మధుర కేసు తీర్పుకు వ్యతిరేకంగా 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు రాసిన బహిరంగ లేఖతో పాటు ఈ అనుభవం కూడా 1983 సవరణల వెనుక ఉంది. అప్పుడు సంస్కరణ వీధిలో మొదలై పార్లమెంటుకు వెళ్ళింది. 2023లో పార్లమెంటులో మొదలై స్టేషనుకు సర్క్యులర్‌గా దిగింది.

స్టేషనులో ఏం జరుగుతున్నదో చూడటానికి కోదాడ మంచి చోటు. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 దాకా కోదాడ పిల్లను జగ్గయ్యపేటకు ఇస్తే పక్క జిల్లాకు ఇచ్చినట్టు. ఆ తర్వాత పక్క రాష్ట్రానికి ఇచ్చినట్టయింది. కట్నం కోసం కొట్టి పంపిస్తే పుట్టింటికి చేరిన అమ్మాయి ఎక్కడ కేసు పెట్టాలి? "దెబ్బలు తిన్నది అక్కడ కదమ్మా, అక్కడికే పో" అన్నమాట ఈ సరిహద్దు పల్లెల్లో కొత్తది కాదు. తిరిగి అక్కడికి పోవడమంటే కొట్టినవాడి గుమ్మం ముందు నుంచి పోవడం. 2019 ఏప్రిల్ 9న రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు, భార్య తలదాచుకున్న చోట కూడా కేసు పెట్టవచ్చని తేల్చింది. కొత్త సంహిత 173వ సెక్షను ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చట్టంలోనే రాసింది. సంహితల్లో మనం మనస్ఫూర్తిగా స్వాగతించవలసినవి కొన్ని ఉంటే వాటిలో ఇది మొదటిది. ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో పంపి మూడు రోజుల్లో సంతకం చేసినా చెల్లుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో బాధితురాలికి తెలపాలన్న నియమం కూడా మంచిదే.

అయితే జీరో ఎఫ్ఐఆర్ కూడా ఆకాశం నుంచి ఊడిపడ్డ వరం కాదు. 2013 నుంచీ కేంద్రం సూచనల్లో ఉంది. నిరాకరించిన ఉద్యోగికి శిక్ష కూడా అప్పటి సవరణల్లోనే వచ్చింది. అయినా 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి కుటుంబాన్ని ఆ రాత్రి పరిధి పేరుతో తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాత ఏం చేశారో మనకు తెలుసు. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు ముద్దాయిలను కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో అది చంపాలన్న ఉద్దేశంతో జరిపిన కాల్పులేనని, పదిమంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే డిసెంబర్‌లో ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఫిర్యాదు తీసుకోవడానికి ఒక గంట ఆలస్యం చేసిన వ్యవస్థ ఆ తప్పును దిద్దుకోవడానికి బదులు తుపాకీ తీసింది. మనలో కొందరు కూడా ఆ రోజు మౌనంగా ఉన్నారు. పేర్లెందుకు.

సంహితలో ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో తీసుకున్న చోటు ఒకటుంది. మన కార్యకర్తలు దీన్ని బాగా తెలుసుకోవాలి. అదే 173వ సెక్షనులో మూడో భాగం. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఎస్సై వెంటనే ఎఫ్ఐఆర్ కట్టనక్కరలేదు. డీఎస్పీ అనుమతి తీసుకుని పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేయవచ్చు. ఈ మెట్టులోకి ఏమేం వస్తాయో చూడండి. భర్త, అత్తమామల క్రూరత్వానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. లైంగిక వేధింపు మూడేళ్ళు. వెంటపడటం మొదటిసారికి మూడేళ్ళు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే దాడి ఐదేళ్ళు. అంటే మన దగ్గరికి రోజూ వచ్చే కేసుల్లో సగానికి సగం. గరిష్ఠ శిక్ష సరిగ్గా మూడేళ్ళున్న నేరానికి కూడా ఈ భాగం వర్తిస్తుందన్న పద్ధతిలోనే 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. అది భావ ప్రకటనకు సంబంధించిన కేసు. కవిత చదివినవాడి మీద తొందరపడి కేసు కట్టవద్దన్న కోర్టు ఉద్దేశంతో మనకు పేచీ లేదు. కానీ అదే తలుపు ఇంట్లో తన్నులు తినే స్త్రీ ముందు మూసుకుంటుంది.

పద్నాలుగు రోజులు ఏం జరుగుతుందో ఊహించనక్కరలేదు, ఇప్పటికే చూశాం. మొదటి రోజు "మళ్ళ రేపు రామ్మా". రెండో రోజు ఇద్దర్నీ పిలిచి కౌన్సెలింగ్. మూడో రోజు నుంచి పెద్దమనుషులు. కుల సంఘం పెద్ద, మాజీ సర్పంచి, మేనమామ. అబ్బాయి తరఫువాళ్ళు డిపాజిట్ కట్టి పంచాయితీ పెట్టుకుంటారు. చివరికి అమ్మాయి "మంచిగ చూసుకుంటాడట" అని కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోతుంది. ఎఫ్ఐఆర్ లేదు కనుక ఏ లెక్కలోనూ ఆమె లేదు. తర్వాత అదే లెక్క చూపించి స్త్రీల మీద నేరాలు తగ్గాయంటారు. దీనికి తోడు 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఇలాంటి ఫిర్యాదుల్లో రెండు నెలల పాటు అరెస్టులు ఆపి కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలన్న అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను సమర్థించింది. అలాంటి కమిటీలనే 2018 సెప్టెంబర్‌లో అదే కోర్టు వద్దన్నది. చట్టం దుర్వినియోగం అవుతున్నదన్న మాట ఎంత గట్టిగా వినిపిస్తే, చట్టాన్ని ఉపయోగించుకోలేకపోయినవాళ్ళ సంఖ్య అంత అదృశ్యమవుతుంది.

ఇక కొత్త నాయకుల సంగతి. పదేళ్ళు ఖాళీగా ఉన్న లోక్‌సభ ప్రతిపక్ష నేత స్థానంలోకి 2024 జూన్‌లో రాహుల్ గాంధీ వచ్చారు. కొత్త సంహితలు అమల్లోకి రావడానికి సరిగ్గా కొద్ది రోజుల ముందు. ఆ ఏప్రిల్‌లో ఆయన పార్టీ విడుదల చేసిన 'న్యాయ్ పత్ర'లో నేర న్యాయానికి సంబంధించి ఒక ముఖ్యమైన వాగ్దానం ఉంది. బెయిలు నియమం, జైలు మినహాయింపు అన్న సూత్రాన్ని అన్ని నేర చట్టాలకూ వర్తింపజేస్తూ బెయిలు మీద ప్రత్యేక చట్టం తెస్తామన్నారు. దీన్ని మనం సమర్థించాలనే నా అభిప్రాయం. మన సంఘాల్లో కొందరికి ఇది మింగుడుపడదని తెలుసు. బెయిలు అనగానే మిర్యాలగూడ గుర్తొస్తుంది. కానీ 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్న 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా. వాళ్ళలో బెయిలు పూచీకత్తు తెచ్చుకోలేని పేదలు, దళితులు, ఆదివాసులు, ముస్లిములు ఎంతమందో మనకు వేరే చెప్పనక్కరలేదు. డబ్బున్నవాడికి బెయిలు ఇప్పటికే నియమం. లేనివాడికే అది మినహాయింపు. మనం అడగవలసింది ఏమిటంటే, ఆ చట్టంలో ఫిర్యాదీ మాట వినే హక్కు కూడా ఉండాలని. అత్యాచారాల నిరోధక చట్టం 15ఎ సెక్షనులో బాధితులకు బెయిలు విచారణ గురించి ముందే తెలియజేయాలని, వాళ్ళ మాట వినాలని ఉంది. ఆ హక్కును గృహహింస, లైంగిక హింస కేసులన్నిటికీ ఇస్తే బెయిలు సంస్కరణకూ బాధితురాలి భద్రతకూ మధ్య ఉందనుకుంటున్న పోట్లాట చాలావరకు తీరుతుంది.

అదే పత్రంలో ఇంకో మాట ఉంది. ప్రతి పంచాయతీకి ఒక 'అధికార మైత్రి'ని, అంటే స్త్రీలకు చట్టం తెలియజెప్పి సాయపడే కార్యకర్తను నియమిస్తామని. కేంద్రంలో అధికారం వస్తే అని ఆ మాటకు అర్థం. కానీ తెలంగాణలో అదే పార్టీ 2023 డిసెంబర్ 7న ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పంచాయతీకి ఒక స్త్రీని నియమించడానికి ఢిల్లీ గెలవనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ లోక్‌సభ స్థానంలోనివే. 2024లో ఇక్కడి ఓటర్లు ఆ పార్టీ అభ్యర్థి కుందూరు రఘువీర్ రెడ్డికి 5 లక్షల 59 వేలకు పైగా ఆధిక్యం ఇచ్చారు. ఇంత పెద్ద ఆధిక్యం ఇచ్చిన ప్రాంతానికి ప్రశ్నించే హక్కు కూడా ఆ మేరకు ఉంటుంది.

పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోది. నేర చట్టమూ, విచారణ పద్ధతీ ఉమ్మడి జాబితాలోవి. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం సవరణలు చేసుకోవచ్చు. కాబట్టి స్త్రీల మీద నేరాలకు పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ వర్తించదని శాసనసభ సవరణ చేయగలదు. అంతకంటే ముందు డీజీపీ ఒక సర్క్యులర్ ఇవ్వవచ్చు. ఆ అనుమతి ఇచ్చే డీఎస్పీ కారణం రాతపూర్వకంగా చెప్పాలని, దాని నకలు ఫిర్యాదీకి ఇవ్వాలని. దీనికి పైసా ఖర్చు లేదు.

కులాంతర వివాహాల స్వేచ్ఛకు చట్టం అన్నది మరింత పెద్ద డిమాండు, మరింత పాత డిమాండు. జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 2012లో 242వ నివేదికలో ఒక ముసాయిదా కూడా రాసి ఇచ్చింది. జంటను బెదిరించడానికి సమావేశం కావడాన్నే నేరం చేయాలన్నది దాని సారం. రాజస్థాన్ శాసనసభ 2019లో ఒక బిల్లు ఆమోదించింది. కొత్త న్యాయ సంహిత 103వ సెక్షనులో కులం, లింగం లాంటి కారణాలతో ఐదుగురు లేక అంతకంటే ఎక్కువ మంది కలిసి చేసే హత్యను విడిగా చేర్చారు. మూకదాడులకు అది పనికొస్తుంది. మిర్యాలగూడకు పనికిరాదు. కిరాయికి చంపినవాడు కులం కోసం చంపలేదు, డబ్బు కోసం చంపాడు. కులం ఉన్నవాడు కత్తి పట్టలేదు. ఈ హత్యలు ఇంటి నడవలో నిర్ణయమై బజారులో జరుగుతాయి. మన చట్టం బజారు వరకే చూస్తుంది. నడవలో జరిగే బెదిరింపులను, నిర్బంధాన్ని, "మా పిల్ల మైనరు" అని పెట్టే దొంగ కిడ్నాపు కేసులను పట్టుకునే చట్టం కావాలి.

ఈ పని మనం ఢిల్లీకి ఉత్తరం రాసి ఊరుకుంటే అయ్యేది కాదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకు గుర్తుంటుంది, సూర్యాపేట తాలూకా స్త్రీలు దొరల పంచాయితీని ఎదిరించి కొట్లాడాక వాళ్ళను తిరిగి వంటింటికి పంపిన తీరు. కొత్త రాజ్యాన్ని ఎలా కట్టాలన్న చర్చలో వాళ్ళను ఎవరూ అడగలేదు. సూర్యాపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. 2022 జూన్ 2న జిల్లా కోర్టు వచ్చింది. భవనాలు దగ్గరికొచ్చాయి, అది మంచిదే. భవనంలోకి వెళ్ళిన స్త్రీని ఎవరు పలకరిస్తున్నారన్నది మన ప్రశ్న.

కనుక వచ్చే సంచిక లోపల మన మూడు పట్టణాల మిత్రులు ఒక పని చేయమని కోరుతున్నాను. స్టేషనుకు మనతో వచ్చిన ప్రతి స్త్రీ విషయంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. పిటిషన్ ఇచ్చిన తేదీ, రసీదు ఇచ్చారా లేదా, ఎఫ్ఐఆర్ కట్టిన తేదీ, ప్రాథమిక విచారణ అన్నారా, డీఎస్పీ అనుమతి కాగితం చూపించారా, పెద్దమనుషులను ఎవరు పిలిచారు. స్త్రీ పేరు రాయవద్దు, ఊరి పేరూ వద్దు. జిల్లా ఎస్పీ కార్యాలయానికి వెళ్ళి శక్తి వాహిని తీర్పు చెప్పిన ప్రత్యేక విభాగం ఎక్కడుంది, దాని ఫోను నంబరేమిటి, జంట వస్తే ఏ ఇంట్లో ఉంచుతారు అని అడగండి. జవాబు రాతలో తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. సాక్షుల రక్షణ పథకం నకలు తెలుగులో అడగండి. ఈ పుస్తకాలు మూడు చేతికొచ్చాక నల్లగొండ ఎంపీ దగ్గరికి మనం కలిసి వెళ్దాం. ప్రతిపక్ష నేతకు ఆయన ద్వారానే పంపుదాం. కోదాడ సరిహద్దు పల్లెల నుంచి వచ్చే పుస్తకంలో జగ్గయ్యపేట వైపు తిప్పి పంపిన కేసులకు విడిగా ఒక పేజీ ఉంచడం మరిచిపోవద్దు.